"సార్ లేడా మేడమ్?"

ఫ్రిజ్ చల్లబడటం లేదని మెకానిక్కును పిలిస్తే, గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆయన అడిగే మొదటి మాట "సార్ లేడా మేడమ్?" అని. పొద్దున పాలగిన్నె దగ్గర్నుంచి రాత్రి మిగిలిన కూర దాకా ఆ పెట్టెను ఎన్నోసార్లు తెరిచి మూసేది మనం. పాలు విరిగినా, ఇడ్లీపిండి పులిసిపోయినా ముందు తెలిసేది మనకే. కానీ దాని జబ్బు గురించి మాట్లాడాలంటే మాత్రం ఆఫీసులో ఉన్న సారుకు ఫోను చెయ్యాలి! "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలె" అంటాడు ఆయన. "సరే, కానీ" అంటారు ఈయన. ఫ్రిజ్ వెనక్కి తొంగిచూసినవాళ్ళు ఇద్దరిలో ఒక్కరూ ఉండరు.

ఈ "గ్యాస్ అయిపోయింది" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ వంట సిలిండర్‌లో లాగా వాడుతుంటే తరిగిపోయేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతూ, లోపలి వేడిని తెచ్చి బయట వదులుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడ్డట్టే. ఆ చిల్లి వెతక్కుండా గ్యాస్ నింపడమంటే పగిలిన రంజన్‌లో నీళ్ళు పోసినట్టే కదా. మా వీధిలో ఒకావిడ ఇంట్లో ఒక ఏప్రిల్‌లో నింపారు, ఏడాది తిరగకముందే మళ్ళీ నింపారు. రెండుసార్లూ పోయింది ఆమె చీటీ కోసం దాచుకున్న డబ్బే. ఎక్కడ కారుతోందని అడిగిన మనిషి లేదు.

అసలు సగం సందర్భాల్లో గ్యాస్ దాకా పోవాల్సిన పనే ఉండదు. మన నల్లగొండలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు కొడుతుంది. లోపలి వేడిని ఫ్రిజ్ ఆ సెగలోకే వదలాలి. వెనకున్న నల్లటి జాలీకి దుమ్ము, పత్తి నూగు పట్టి, పెట్టెను గోడకు ఆనించి పెడితే ఆ వేడి ఎక్కడికి పోతుంది? ప్లగ్గు తీసి మెత్తటి బ్రష్‌తో జాలీ దులపండి, గోడకు జానెడు దూరం జరపండి. కొత్త మోడళ్ళలో ఆ జాలీ కనబడదు, పక్క గోడల్లోనే దాచేస్తారు. అందుకే పక్కలు వెచ్చబడతాయి, భయపడక్కర్లేదు. కానీ బీరువాకూ గోడకూ మధ్య ఇరికించకూడదు.

తర్వాత తలుపు రబ్బరు. పదిరూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చిందంటే చల్లదనం అక్కడినుంచే పోతోంది. చాలాసార్లు అది చక్కెర పాకమో, పిండి జిగురో పట్టి ఉండటమే. సబ్బునీళ్ళతో తుడిస్తే సరిపోతుంది. ఒంటి తలుపు ఫ్రిజ్ అయితే తిప్పుడు మీట నడుమ మంచు కరిగించే బొత్తాం ఉంటుంది. పిల్లలు నొక్కారంటే మంచంతా కరిగేదాకా కంప్రెసర్ ఆగిపోతుంది. దానికీ మెకానిక్కు వచ్చి డబ్బు తీసుకున్న ఇళ్ళున్నాయి! గడ్డకట్టిన మంచును మాత్రం కత్తితో గీకకండి. అల్యూమినియం రేకుకు చిల్లి పడిందంటే అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది.

మంచు పేరుకోని రకంలో పైన ఫ్రీజర్ బాగానే ఉండి కింద వెచ్చగా ఉంటే, ముందు గాలి వచ్చే కంతలకు గిన్నెలు అడ్డంగా ఉన్నాయేమో చూడండి. అదీ కాకపోతే ఒక రోజంతా ఆపి తలుపు తెరిచి ఉంచండి. మళ్ళీ పెట్టాక కొద్దిరోజులు బాగా నడిచి తిరిగి మొండికేస్తే, లోపల మంచు కరిగించే ఏర్పాటులోనే లోపముంది. ఈ ఒక్క సంగతి చెప్పగలిగితే మెకానిక్కు మనతో మాట్లాడే తీరే మారిపోతుంది.

కల్వకుర్తి దగ్గర మా పుట్టిన ఊళ్ళో కథ వేరు. అది ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్. బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయ్యాయంటే బల్బు ఎర్రబడుతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట బాగా తగ్గితే కంప్రెసర్ "టిక్" మని ఆగి, కాసేపటికి మళ్ళీ "టిక్" మంటుంది. "కంప్రెసర్ పోయింది" అని తేల్చేముందు వోల్టేజీ చూడాలి, పక్కనే ఉండే చిన్న రిలేను చూడాలి. కంప్రెసర్ ధర ముందు రిలే ధర ఎంత!

ఇదంతా పాలూ పెరుగూ కోసమే అయితే ఇంతగా చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు ఎన్ని ఇళ్ళలో ఫ్రిజ్‌లో అత్తమ్మ ఇన్సులిన్ ఉంటోందో చూడండి. వాడకం మొదలుపెట్టని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. గడ్డకడితే పారేయాల్సిందే, కాబట్టి ఫ్రీజర్ పక్కన పెట్టకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాల ఫ్రిజ్ ఎన్ని డిగ్రీలుందో రోజుకు రెండుసార్లు చూసి రాస్తారు. ఆ పద్ధతి మన ఇంటికి ఎందుకు రాకూడదు? ఫ్రిజ్ థర్మామీటరును గ్లాసు నీళ్ళలో ఉంచి, రాత్రంతా నడిమి అరలో పెట్టి పొద్దున్నే చూడండి, 5 డిగ్రీల లోపు ఉండాలి. (జ్వరం చూసేది పనికిరాదు, అంత చల్లదనాన్ని అది చూపించదు.) మన కథల్లో గృహిణి ఫ్రిజ్ ముందు నిలబడి కన్నీళ్ళు తుడుచుకుంటుంది గానీ, ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి జాలీ దులిపిన కథానాయిక నాకైతే ఇంతవరకూ తగల్లేదు!

ఇన్ని చూశాక కూడా చల్లబడకపోతే మెకానిక్కును పిలవాల్సిందే. గ్యాస్ గొట్టాలు, కరెంటు తీగలు మనం ముట్టుకునేవి కావు. "సార్ లేడా?" అంటే "నేనున్నా కదా, చెప్పు తమ్ముడూ" అనండి. గ్యాస్ అంటే చిల్లి ఎక్కడో చూపించమనండి. కంప్రెసర్ మీద ఆర్600ఎ అని ఉంటే అది మండే గ్యాస్. కిటికీలు తెరిపించి, పొయ్యి ఆర్పి, ఆ గ్యాస్ పని తెలిసినవాడితోనే చేయించండి. మార్చిన పాత సామాను ఇంట్లోనే పెట్టి పొమ్మనండి, ఏ గ్యాస్ నింపాడో బిల్లు మీద రాయించుకోండి. ఆ బిల్లు కూడా సారు అల్మారాలో కాకుండా వంటింటి డబ్బాలోనే ఉంచుకోండి.