నదికి సంరక్షకులెవరు? సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ



2017 మార్చి 20న ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమున నదులు చట్టం దృష్టిలో వ్యక్తులని ప్రకటించింది. పది రోజులకే హిమనదాలకు, సరస్సులకు, అడవులకు, జలపాతాలకు కూడా మరో తీర్పులో ఆ హోదా ఇచ్చింది. జూలై 7న సుప్రీంకోర్టు మొదటి తీర్పుపై స్టే విధించింది. ఆ స్టే కోరింది నదిలోకి వ్యర్థాలు వదిలే ఏ కర్మాగారమో కాదు, సాక్షాత్తూ ఉత్తరాఖండ్ ప్రభుత్వం. నదులు అనేక రాష్ట్రాల గుండా పారతాయి, వరదల్లో ఎవరైనా చనిపోతే పరిహారం ఎవరివ్వాలి అన్నది దాని వాదన. ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. కానీ హైకోర్టు నదులకు సంరక్షకులుగా నియమించినవారిలో ఆ రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, అడ్వకేట్ జనరల్ ఉన్నారు. నదికి పెద్దదిక్కుగా నిలవాల్సిన సర్కారే ఆ బాధ్యత వద్దంటూ ఢిల్లీ దాకా వెళ్లింది.

మాట్లాడలేనిదానికి హక్కులేమిటన్న సందేహం మన దేశంలో నిలవదు. దేవుడి మాన్యం దేవుడి పేరుతోనే ఉంటుంది, దేవుడి తరఫున కోర్టులో దావా నడుస్తుంది. కంపెనీకి ఒళ్లూ ప్రాణమూ లేకపోయినా ఆస్తి ఉంటుంది. చిక్కంతా ఆ హక్కు తరఫున ఎవరు నిలబడతారన్నదే.

ఉత్తరాఖండ్ తీర్పు వెలువడిన రోజే న్యూజిలాండ్‌లో వాంగనుయ్ నదికి వ్యక్తి హోదా ఇచ్చే చట్టానికి ఆమోదముద్ర పడింది. అక్కడి మావోరీలు ఆ నది కోసం 1870ల నుంచి అర్జీలు పెడుతూ, కేసులు నడుపుతూ వచ్చారు. అందుకే చట్టం నదికి ఇద్దరు ప్రతినిధులను పెట్టింది. ఒకరిని ప్రభుత్వం ఎంపిక చేస్తే, రెండో వ్యక్తిని నదిని నమ్ముకుని బతికే తెగలు ఎంపిక చేస్తాయి. నది బాగు కోసం 3 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నిధి కూడా కేటాయించారు. గంగకు దక్కనివి ఈ రెండే: ప్రభుత్వానికి వెలుపలి మనిషి, చేతిలో డబ్బు.

ప్రభుత్వాన్నే ఏకైక సంరక్షకుడిగా నమ్మితే ఏమవుతుందో ఈ న్యాయస్థానానికి వేరే చెప్పనక్కర్లేదు. వరంగల్ ప్రాంతంలోని కొంపల్లిలో 106.34 ఎకరాల అటవీ భూమి కేసు 2024 ఏప్రిల్ 18న ధర్మాసనం ముందే తేలింది. అది అడవేనని తొలుత వాదించిన యంత్రాంగం, తర్వాత అది ప్రైవేటు భూమేనంటూ అఫిడవిట్ వేసింది. ధర్మాసనం ఆ వైఖరిని తప్పుబట్టి అడవిని నిలబెట్టింది. మనిషిని కాదు, ప్రకృతిని కేంద్రంగా పెట్టుకుని ఆలోచించాలని ఆ తీర్పులో రాసింది. ఏడాది తిరగకుండానే హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు దిగాయి. ఐటీ పార్కుల కోసం ఆ నేలను వేలం వేయాలనుకున్నది రాష్ట్ర ప్రభుత్వమే. 2025 ఏప్రిల్ 3న ఈ న్యాయస్థానమే కల్పించుకుని చెట్ల నరికివేతను ఆపించింది.

ప్రభుత్వాలు ఇలా ఎందుకు చేస్తాయి? దుర్మార్గం ఒక్కటే కారణం కాదు. నేలను అమ్మితే, గనిని తవ్వితే ఖజానా నిండుతుంది. అలాగే వదిలేస్తే లెక్కల్లో ఏమీ కనబడదు. జాతీయాదాయం లెక్కగట్టడానికి పునాది వేసిన సైమన్ కుజ్నెట్స్ స్వయంగా, ఆ అంకెను చూసి దేశ సంక్షేమాన్ని అంచనా కట్టలేమని 1934లోనే హెచ్చరించాడు. తొంభై ఏళ్లు దాటినా బడ్జెట్లు ఆ అంకె చుట్టూనే తిరుగుతున్నాయి.

అడవి విషయంలో ఆ లెక్కకు ఈ న్యాయస్థానం ముద్ర కూడా పడింది. ప్రాజెక్టులకిచ్చే అడవికి నికర ప్రస్తుత విలువ వసూలు చేయాలంటూ, 2008లో హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా రేట్లు ఖరారు చేసింది. 2022లో కేంద్రం వాటిని పెంచింది. ఊరికే దోచుకుపోకుండా ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ధర కట్టగలిగినవాడికి అది అడ్డుగోడ కాదు, ప్రవేశ రుసుము.

ధర చెప్పకుండా, వద్దనే అధికారాన్ని మనుషులకిచ్చిన ఘనత కూడా ఈ న్యాయస్థానానిదే. 2013 ఏప్రిల్ 18న నియమగిరి కేసులో, వేదాంత బాక్సైట్ గని సంగతి గ్రామసభలే తేల్చాలంది. ఆ వేసవి దాటాక రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండల ఆదివాసులైన డోంగ్రియా కోంధులు తమ కొండరాజు నియమరాజాకు, తమ పంటకు, తమ ఊటలకు మధ్య ఏ తేడా చూపలేదు. ప్రకృతి హక్కు అన్న మాట తీర్పులో లేకపోయినా పని జరిగింది.

మాట ఉండి పని కానిచోట ఈక్వెడార్‌ను చూడవచ్చు. 2008లో ప్రకృతి హక్కులను రాజ్యాంగంలో రాసుకున్న తొలి దేశమది. యాసునీ అడవి కింది చమురును తవ్వకుండా వదిలేస్తామని, వదులుకునే ఆదాయంలో సగం, దాదాపు 360 కోట్ల డాలర్లు, ప్రపంచం ఇవ్వాలని 2007లో అడిగింది. అందింది అందులో ఒక్క శాతం కూడా లేదు. 2013లో ప్రభుత్వం చేతులెత్తేసి తవ్వకాలకు సిద్ధపడింది. చివరికి 2023 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, ఓటేసినవారిలో 59 శాతం మంది చమురు నేలలోనే ఉండాలన్నారు. రాజ్యాంగం చెప్పాక కూడా పదిహేనేళ్లు పట్టిందంటే, ఖాళీ ఖజానా ముందు హక్కు ఎంత బలహీనమో తెలుస్తోంది.

మన దగ్గర ఆ బలహీనతకు మందు మొదలైంది కూడా. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా పంచేటప్పుడు 14వ ఆర్థిక సంఘం అడవుల విస్తీర్ణానికి 7.5 శాతం, 15వ సంఘం 10 శాతం ప్రాధాన్యం ఇచ్చాయి. అడవిని నిలుపుకున్నందుకు ఖజానాకు డబ్బు రావడం చిన్న మార్పు కాదు. ఊరి స్థాయిలోనూ ఇలాంటి మార్పు కనిపించింది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు పడావు నేలల్లో జొన్న, కొర్ర పండించారు. తీసుకున్న అప్పును రూపాయల్లో కాక ధాన్యంలో తీర్చారు, ఆ ధాన్యాన్ని ఊరి పేదలకు చవగ్గా ఇచ్చారు. నేల సారం పోకుండా, ఊరు పస్తుండకుండా నడిచిన బేరమిది. 2019లో ఈ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది.

కనుక ఈ లేఖ కోరేది కొత్త బిరుదులు కాదు. ఏ నదికి, ఏ అడవికి హోదా ప్రకటించినా, సంరక్షకుల్లో కనీసం సగం మంది ఆ ఒడ్డున, ఆ కొండ మీద బతికేవారై ఉండాలి. వారికి వకీలు ఫీజులకైనా సరిపోయే నిధి ఉండాలి. అటవీ భూమి బదలాయింపు కేసు ధర్మాసనం ముందుకు వచ్చిన ప్రతిసారీ నికర విలువ ఎంతని అడిగేముందు, గ్రామసభ ఏమన్నదని అడగాలి. నియమగిరిలో ఒకసారి అడిగిన ప్రశ్నే అది.