గోడ లోపలిది ముంగట, గోడ మీదిది ఎన్క

పోయిన ఎండకాలం మా పెద్దవ్వ కొత్తింట్ల కాలుజారి పడ్డది. గృహప్రవేశమై అప్పటికి మూడు నెలలు గూడ కాలే. బాత్‌రూంల నుంచి తడికాళ్లతోని హాల్లకు అడుగు వెట్టింది, గంతే. తుంటి ఇరిగింది. కరీంనగర్ తీస్కపోయి ఆపరేషన్ చేయించిన్రు. నేను చూడవోయిన నాడు మంచంల ఎల్లెలుకల పండుకొని మీదికి చూస్తున్నది. మీద ఫాల్స్ సీలింగ్, దాని సుట్టూ నీలం లైట్లు. "ఆ లైట్లు బంద్ జెయ్ బిడ్డా, కండ్లకు కొడ్తున్నయ్" అన్నది.

అప్పటికి మా ఇల్లు స్లాబ్ పడి ఉన్నది. మా అవ్వ పేరు మీద వచ్చిన ఇందిరమ్మ ఇల్లు. దుబాయ్‌ల ఉన్న మా అన్న దినాం రాత్రి వాట్సాప్‌ల ఫొటోలు పంపుతున్నడు. అద్దం లెక్క మెరిసే పెద్ద టైల్స్, ఫాల్స్ సీలింగ్, ముంగట ఎలివేషన్, స్టీల్ గేటు. పెద్దవ్వ ఇంటి నుంచి తిరిగి వచ్చినంక ఆ ఫొటోలు చూస్తే నాకు పానం ఎట్లనో అయింది. ఈ ముచ్చట మా ఇంటిదొక్కదే అయితే ఇక్కడ రాయకపోదును. గిప్పుడు తెలంగాణల ఊరూరికీ ఇదే పంచాయితీ నడుస్తున్నది.

ముందుగాల లెక్క చూద్దాం. ఇందిరమ్మ ఇండ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంల షురువైంది. సొంత జాగ ఉన్నోళ్లకు ఐదు లక్షలు. ఇల్లు 400 చదరపు అడుగులకు తక్కువ ఉండొద్దు, 600 దాటొద్దు. వంటర్ర, బాత్‌రూం తప్పకుండ ఉండాలె. పైసలు ఒక్కపారి రావు, పని అయినకొద్ది నాలుగు విడతల్ల వస్తయ్. మొదటి లక్ష బేస్‌మెంట్ అయినంకనే. అంటే పునాది తవ్వేటందుకు చేతిల నుంచే పెట్టాలె, లేకుంటే అప్పు తేవాలె.

ఇంతకుముందు 2015ల వచ్చిన డబుల్ బెడ్‌రూం పథకం వేరే తీరు. 560 అడుగుల ఇల్లు కాంట్రాక్టర్ కట్టిండు, మనోళ్లు తాళం చెవి తీస్కున్నరు. ఏ టైల్ వేసిండు, ఏ వైర్ గుంజిండు అని అడిగే దిక్కు మనకు లేకుండె. ఇప్పుడు మన ఇల్లు మనమే కట్టుకుంటున్నం. ఇది మంచి మార్పే. కానీ దాంతోని వైర్ కాడి నుంచి రంగు దాక ఏది తేవాల్నో ఎంచుకునే బరువు గూడ మన నెత్తి మీద పడ్డది. ఎంచుకునేటప్పుడు మనకు చెప్పెటోడు ఎవడు? టైల్స్ దుకాణపోడు, రీల్స్ చేసెటోడు, పక్కింటాయన. ముగ్గురు గూడ గోడ మీద కనవడేదే చెప్తరు.

మా అన్న అడిగినయన్నిటికి నేను జగిత్యాలకు పోయి రేట్లు రాస్కొచ్చిన. ఎలివేషన్‌కు 60 వేలు, మెరిసే టైల్స్‌కు 55 వేలు, ఫాల్స్ సీలింగ్‌కు 45 వేలు, గేటుకు 40 వేలు. మొత్తం రెండు లక్షలు. మా చేతిల ఆ పైసలు లెవ్వు. రెండ్రూపాల మిత్తికి తెస్తే నెలకు నాలుగు వేలు, ఏడాదికి 48 వేలు. రెండేండ్లు అసలు కట్టకుంటే మిత్తే 96 వేలు. సర్కారు ఇచ్చే ఐదు లక్షలల్ల ఐదో వంతు దగ్గరదగ్గర షావుకారుకే పోతది. ఈ లెక్క రాసి అన్నకు పంపిన. రెండు దినాలు ఫోన్ చెయ్యలే.

మూడో దినం చేసి ఒక్క మాటన్నడు: "అరేయ్, నేను పదకొండేండ్ల సంది ఈడ క్యాంపుల బంక్ మంచం మీద పంటున్న. నా ఇల్లు మంచిగ కనవడాలె అనుకునుడు తప్పా?"

తప్పు గాదు. ఇది మాత్రం గట్టిగ చెప్తున్న. ఇల్లు సోకుగ కట్టుకునెటోళ్లను చూసి "అప్పుజేసి పప్పుకూడు" అని ఎక్కిరించుడు కొందరికి అలవాటు. గూనపెంకల కింద వాన కురిసినప్పుడల్ల గిన్నెలు పెట్టుకొని, రాత్రంత మేల్కొని ఉన్నోళ్లం మనం. సుట్టం ఇంటికొస్తే యాడ కూసుండవెట్టాల్నో తెల్వక వాకిట్ల మంచం ఏసినోళ్లం. మన ఇల్లు నలుగురు చూసి బాగుందనాలె అనుకునుడు మన హక్కు. నేను అనేది ఏందంటే, ఏది ముంగట, ఏది ఎన్క అన్న వరుస తప్పుతున్నం.

వరుస ఎట్ల పెట్టుకోవాల్నో మాకు స్లాబ్ పోసిన సుతారి మేస్త్రి చెప్పిండు. "బిడ్డా, రేపు పైసలున్ననాడు చేస్కోవచ్చా, గోడ పలగ్గొట్టకుంట చేస్కోవచ్చా? చేస్కోవచ్చంటే అది ఆగుతది. పలగ్గొట్టాలె అంటే అది ఇయ్యాలనే చెయ్యాలె." ఈ ఒక్క మాట పట్టుకొని మా ఇంటి పనులు రెండు కుప్పలు చేసిన.

ఫాల్స్ సీలింగ్ ఐదేండ్లకు గూడ పెట్టుకోవచ్చు. ఎలివేషన్, గేటు, రంగులు, సోకు లైట్లు అన్నీ గంతే. కానీ గోడల గుంజే ఎర్తింగ్ వైర్? బాత్‌రూం బండల కింద వేసే వాటర్‌ప్రూఫింగ్? నీళ్లు మోరి దిక్కు పోయేటట్టు ఇచ్చే వాలు? ఇవి ఇయ్యాల చెయ్యకుంటే రేపు టైల్స్ పలగ్గొట్టుడే.

కరెంటు సంగతే తీస్కోండ్రి. లైట్లకు ఒకటిన్నర ఎంఎం వైర్, ప్లగ్గులకు రెండున్నర, ఏసీకో గీజర్‌కో అయితే నాలుగు ఎంఎం వేస్తరు. ఊర్లల్ల శాన ఇండ్లకు అంత ఒక్కతీరు సన్న వైరే గుంజుతున్నరు. ఎర్తింగ్ అయితే సగం ఇండ్లకు పేరుకే ఉంటది. బట్టలారేసే తీగెకు కరెంటొచ్చి పానాలు పోయిన వార్తలు వానకాలంల మనం చదువుతనే ఉంటం. ఎర్తింగ్ గుంత సరిగ తీపిచ్చి, బోర్డుల 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టిపిస్తే, కరెంటు మనిషిల నుంచి భూమికి పోవుడు మొదలైతె ఆ డబ్బ దానంతట అదే బంద్ చేస్తది. మా ఇంటికి మందం వైరు, ఎర్తింగ్, ఆ డబ్బ అన్నీ కలిపి మామూలు దానికన్న తొమ్మిది వేలు ఎక్కువైంది. ఫాల్స్ సీలింగ్‌ల ఐదో వంతు.

రెండోది స్లాబ్. దీనికైతే పైసలు గూడ అక్కర లేదు, ఓపిక కావాలె. మామూలు సిమెంటుకు కనీసం ఏడు దినాలు, పీపీసీ అయితే కనీసం పది దినాలు తడి ఆరొద్దని నిబంధన. పద్నాలుగు దినాలు తడిపితే ఇంకా మంచిది. మా దిక్కు మూడో నాటికి దావత్ అయిపోతది, నీళ్లు బంద్ అయితయ్. మాలు కలిపేటప్పుడు తొందరగ జారాలె అని నీళ్లు ఇష్టమొచ్చినట్టు పోస్తరు. బస్తా సిమెంటుకు 25 లీటర్లు ఎక్కువలెక్క, ఉస్కె తడిగ ఉంటే అంతకు తక్కువే. నీళ్లెక్కువైన కాంక్రీటు బలం తక్కువైతది, పగుళ్లు వడ్తయ్, కురుస్తది. ఎన్క దాని మీద ఎంత రంగు పూసినా దండుగ.

సలాక కొనేటప్పుడు గూడ ఒక లెక్క యాదికుంచుకోండ్రి. 12 మీటర్ల పొడుగు 8 ఎంఎం సలాక దగ్గరదగ్గర 4.7 కిలోలు, 12 ఎంఎం అయితే 10.6 కిలోలు తూగాలె. కాంట మీద ఒక్కటి పెట్టి చూస్తే మోసం బయటవడ్తది.

మూడోది ఎండ. మా దిక్కు మే నెలల బంగ్ల కాలి, రాత్రి పన్నెండు దాక ఇంట్ల ఆవిరి ఉంటది. ఫాల్స్ సీలింగ్ పెడితే సల్లగుంటదని మా అన్న వాదన. కొంత నిజమే, కానీ ఎండ స్లాబ్‌లకు దిగినంక కింద అడ్డం పెట్టుడు అది. బంగ్ల మీదనే ఎండను ఎనుకకు కొట్టే తెల్ల పూత వేస్తే స్లాబ్ అంత కాలదు. మన రాష్ట్ర సర్కారు 2023లనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, ఊర్లెవరికీ ఎరుక లేదు. మా 600 అడుగుల స్లాబ్‌కు ఈ పూతకు 12 వేలైంది. సీలింగ్ ఖర్చుల మూడో వంతు గూడ కాదు.

ఇగ టైల్స్. మన దేశంల టైల్స్ ఎక్కువగ గుజరాత్‌ల మోర్బి నుంచే వస్తయ్. మెరిసేదానికి, గరుకు దానికి రేటుల పెద్ద తేడా లేదు. హాల్ల ఏదన్న వేస్కోండ్రి, కానీ బాత్‌రూంల, దాని ముంగట, వంటర్రల, వాకిట్ల మాత్రం కాలు జారని గరుకు టైలే వెయ్యాలె. మేమైతే హాల్ల గూడ టైల్స్ వెయ్యలే. తాండూరు బండలు వేసినం. ఎండకాలం సల్లగుంటయ్, ఒకటి పలిగితే ఒకటే మార్చుకోవచ్చు. బాత్‌రూంల పట్టుకునేటందుకు గోడకు స్టీల్ కడ్డీ ఒకటి బిగిపిచ్చిన. 1,500 రూపాయలు. బాత్‌రూం కింద వాటర్‌ప్రూఫింగ్‌కు ఏడు వేలు.

అన్నీ కూడితే 29 వేల 500. రెండు లక్షల సోకుకు బదులు 30 వేలల్ల ఇల్లు గట్టివడ్డది. అన్న కోసం సీలింగ్‌ల లైట్లకు, రేపటి ఏసీకి పైపులు మాత్రం ఇప్పుడే గోడల వేసి మూసినం. పైసలొచ్చిన నాడు గోడ తాకకుంట పెట్టుకుంటడు.

మరి తప్పంత మన పోరగాళ్లదేనా? కాదు. పథకం తీరు గూడ చూడాలె. పంచాయతీ సెక్రటరీ వచ్చి ఫోన్ల ఫొటో తీసి యాప్‌ల ఎక్కిస్తడు. బేస్‌మెంట్ ఫొటో, గోడల ఫొటో, స్లాబ్ ఫొటో. 600 అడుగులు దాటిందా అని టేపు పట్టి చూస్తరు, దాటితే బిల్లు ఆగుతది. కానీ స్లాబ్ ఎన్ని దినాలు తడిపినవ్, ఎర్తింగ్ పెట్టినవా అని ఫొటో చెప్పదు. ఫొటోల కనవడేదానికే పైసలొస్తయంటే, మనిషి కూడా కనవడేదాని మీదనే ఖర్చు పెడ్తడు. పైగ సోకు పనులు వచ్చేటప్పటికి పైసలు అయిపోతయ్, గృహప్రవేశం ముహూర్తం దగ్గరికొస్తది. తొందరల, అప్పుల, సిగ్గుకు పోయి ఎంచుకునే టైం అదే.

జీఎస్టీ తగ్గింది గదా అంటరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద 28 శాతం ఉన్నది 18 అయింది, మంచిదే. కానీ సలాక, టైల్స్, రంగులు 18లనే ఉన్నయ్. ఉస్కె ఉత్తగనే అన్నరు, ట్రాక్టర్ కిరాయి మనదే. బస్తా మీద మిగిలిందంత కిరాయిల పోతది.

సర్కారుకు పైసా ఖర్చు లేని పని ఒకటున్నది. మండల కేంద్రాలల్ల నమూనా ఇండ్లు కట్టిన్రు. ఆ ఇంటి గోడ మీద ఒక బోర్డు రాయాలె. పునాదికి ఎంత, స్లాబ్‌కు ఎంత, వైరింగ్‌కు ఎంత, టైల్స్‌కు ఎంత, కూలికి ఎంత. ఐదు లక్షలల్ల ఇల్లు ఎట్ల అయితదో జనం చదువుకొని పోతరు. కాకుంటే ఎందుకు కాదో గూడ తెలుస్తది. అట్లనే చివరి బిల్లు ముందు రంగు చూసుడు కాదు, ఎర్తింగ్, బాత్‌రూం వాలు ఇంజినీర్ చూసి సంతకం పెట్టాలె.

మనం చేసే పని గూడ ఉన్నది. చదువుకున్నోళ్లం మనమే. అడుగుకు ఇంత అని కాంట్రాక్టర్‌కు నోటిమాట మీద ఇయ్యకుండ్రి. వైరు ఎంత మందం, పాయింట్లు ఎన్ని, బాత్‌రూం గోడకు టైల్ ఎన్ని అడుగుల ఎత్తు, రంగు ఎన్ని కోట్లు, అన్నీ కాయితం మీద రాపిచ్చి సంతకం తీస్కోండ్రి. గోడలు గిలాబు చేసే ముందు పైపులు, వైర్లు యాడికెళ్లి పోయినయో ఫోన్ల వీడియో తీసి పెట్టుకోండ్రి. రేపు మేకు కొట్టేటప్పుడు అదే అక్కరకొస్తది.

పోయిన నెల మా గృహప్రవేశం అయింది. పెద్దవ్వ వాకర్ పట్టుకొని వచ్చింది. గేటు లేదు, తడక పెట్టినం. ఎలివేషన్ లేదు, సున్నం తెలుపు ఉన్నది. సుట్టాలల్ల ఒకాయన "ఇంకా పని మిగిలిందా?" అని అడిగిండు. "మిగిలింది మామా, అప్పు మాత్రం మిగలలే" అన్న. పెద్దవ్వ బాత్‌రూంలకు పొయ్యి, ఆ కడ్డీ పట్టుకొని, ఎవల సాయం లేకుంట బయటికొచ్చింది. అవ్వ అప్పటిదాక తలుపు కాడనే నిలవడి ఉన్నది. వీడియో కాల్‌ల అన్న గూడ చూసిండు. "సీలింగ్ పైపులు వేసినవ్ గదరా?" అని ఒక్కటే అడిగిండు. వేసిన అన్న.