పుట్టింటి పేరు

మొన్న ఆదివారం సాలూరులో మా యింటికి పెళ్ళిచూపులకు వచ్చారు. పిల్ల నచ్చింది, చదువు నచ్చింది, కాఫీ కూడా నచ్చింది. ఫలహారాలయ్యాక వరుని పెదనాన్నగారు తెల్లద్రాక్ష పళ్ళెం ముందుకు జరుపుకొని, "మీ నాన్నగారి వంశం మాకు తెలిసిందే మాస్టారూ! మీ అమ్మగారి పుట్టింటివారెవరు?" అన్నారు.

నా గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. మా అమ్మకు పుట్టిల్లు లేదు. 1942లో బర్మా నుంచి కాలినడకన వచ్చిన జనంలో ఆవిడ నాలుగేళ్ళ పిల్ల. కన్నవాళ్ళు దారిలోనే పోయారు. సాలూరులో ఎవరో దయతలచి పెంచారు. ఆ అమ్మ పక్కగదిలోనే వుంది. ఈ వయసులోనూ చెవులు బాగా పనిచేస్తాయి.

ఏం చెప్పను? పళ్ళెంకేసి చూసి, "ద్రాక్షకు కూడా వంశం వుందండీ" అని మొదలుపెట్టాను.

పోయినేడు మా పెద్దవాడు కాలిఫోర్నియాలో ఒక ద్రాక్షతోట చూపించాడు. (చూశానంతే, రుచి చూడలేదు. పాఠకులు అనుమానించవద్దు.) అక్కడ షార్డొనే అనే రకం వుంది. తెల్ల వైన్ అనగానే లోకం ముందు చెప్పే పేర్లలో అదొకటి. పుట్టింది ఫ్రాన్సులోని బర్గండీలో. దానికి సొంత వాసన తక్కువ. సున్నపునేలలో పెంచితే ఒక రుచి, ఓక్ పీపాలో వుంచితే మరో రుచి. మెట్టినింటిని బట్టి మసలుకునే పిల్లన్నమాట!

1999లో శాస్త్రజ్ఞులు డీఎన్ఏ పరీక్షచేసి దాని కన్నవారెవరో పట్టుకున్నారు. ఒకటి పీనో, పేరున్న గొప్పింటి ద్రాక్ష. రెండోది గ్వే బ్లాన్, పేదరైతుల చేలలో కాసేది. నాసిరకమని కొన్నిచోట్ల దాన్ని నాటకూడదని శాసనాలు కూడా చేశారు. మరో పదేళ్ళకు, ఆ వెలివేసిన తీగే షార్డొనేకు తల్లి అని తేలింది.

"అంతదూరమెందుకు? మన హైదరాబాదు అనాబేషాహీ ద్రాక్ష 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ గారు పైదేశం నుంచి తెప్పించి నాటించినదే. తినేవాళ్ళెవరైనా దాని పుట్టిల్లడిగారా?" అన్నాను. ఆ వూపులోనే మా అమ్మ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

పెదనాన్నగారు చేతిలో పండు పళ్ళెంలో పెట్టేశారు. "కబురుచేస్తాం" అని లేచారు.

కబురింకా రాలేదు.

ఆ రాత్రి మా అమ్మ మిగిలిన పళ్ళు గిన్నెలో సర్దుతూ, "ఆ తల్లి పేరేమిటన్నావురా?" అని అడిగింది.

"గ్వే."

నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పించుకుంది.