ఓట్లు వేయించడం కాదు, లెక్క అడగడం నేర్పాలి

సంపాదకులు గారికి,



ఎన్నికలు దగ్గరపడితే చాలు, క్రైస్తవుల ఓట్లు ఎటు పడతాయన్న లెక్కలు మొదలవుతాయి. అభ్యర్థులు ఆదివారం ఆరాధనకు వస్తారు. పాస్టరు గారు తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. సాయంత్రానికి ఆ ఫొటో అందరి ఫోన్లకూ చేరుతుంది. చర్చి నాయకుల్ని తయారుచేయడమంటే ఇదేనని మన పిల్లలు అనుకుంటున్నారు. కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల వాళ్లు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించి భారతీయ క్రైస్తవులకూ ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. అజరయ్య గారు వాటిని వ్యతిరేకించారు. సంఘం ఒక రాజకీయ వర్గంగా మారిపోతుందని, చివరికి సువార్తకే అది అడ్డమవుతుందని ఆయన వాదన. సీట్లు నడిచి వస్తుంటే వద్దనడానికి ఎంత గుండె కావాలి! ఈనాడు ఏ సంఘ పెద్ద అలా అనగలడు?

మరి చర్చి నుంచి నాయకులు రాలేదా అంటే, వచ్చారు. వేరే దారిన వచ్చారు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1805లో మన విశాఖపట్నంలో దిగారు, తర్వాత కడప వైపు వెళ్లారు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆస్పత్రి వాళ్లు పెట్టిందే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు 1949లో పుట్టింది ఆ ఆస్పత్రిలోనే, వైద్యం చదువుకుని వచ్చి కొంతకాలం డాక్టరుగా పనిచేసిందీ అక్కడే. 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆస్పత్రి పెట్టారు, 1978లో శాసనసభలో అడుగుపెట్టారు. ఆయన రాజకీయం నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లతో నాకు తగాదా లేదు. కానీ 2007 నాటి ఆరోగ్యశ్రీ వైద్య పథకానికి విత్తనం ఆ ఆస్పత్రి వార్డుల్లోనే పడిందని నేను నమ్ముతాను. ఎన్టీ రామారావు గారు క్రైస్తవులు కారు. అయినా డిగ్రీ చదివింది లూథరన్ మిషన్ వారి గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో. ఆ కళాశాల, ఆ ఆస్పత్రి ఎవరి ఓటూ అడగలేదు.

ఇక సంఘం లోపలి సంగతి. ఉత్తరాంధ్రలో పాత సంఘాలు చాలావరకు కెనడియన్ బాప్టిస్టు మిషన్ నాటివి. బాప్టిస్టు పద్ధతిలో సభ్యులే డీకన్లను ఎన్నుకుంటారు. కోశాధికారి కానుకల లెక్క అందరి ముందూ చదవాలి. కూలికి వెళ్లే మనిషైనా సరే లేచి, ఫలానా ఖర్చు ఎందుకైందని అడగవచ్చు. ఊరి రచ్చబండ దగ్గర నోరు విప్పే హక్కు లేని రోజుల్లో మన తాతలకు ఆ హక్కు దొరికిన చోటు ఇదొక్కటే. స్త్రీల సమాజం మరీ ముఖ్యం. నలుగురిలో నిలబడి గట్టిగా ప్రార్థించడం, వాక్యం చెప్పడం, పిడికెడు బియ్యం పోగేసి వచ్చిన డబ్బుకు పుస్తకం రాయడం ఆడవాళ్లు అక్కడే నేర్చుకున్నారు. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవైన ఈ రోజుల్లో, భర్త చాటున కాకుండా తానే మాట్లాడే సర్పంచ్ కావాలంటే ఇంతకు మించిన శిక్షణ ఏముంది?

ఆ శిక్షణే ఇప్పుడు పోతోంది. ఎవరికి వారు పెట్టుకునే స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల స్థలం పాస్టరు గారి పేరిట, ఖాతా ఆయన పేరిట, ఆయన తర్వాత కొడుకు. సభ్యులకు ఓటు లేదు, లెక్క లేదు. దేవుని సేవకుణ్ణి ప్రశ్నించకూడదని చిన్నప్పటి నుంచి విన్న పిల్లవాడు రేపు ఎమ్మెల్యేని ఏం ప్రశ్నిస్తాడు? పైగా ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం ఇస్తోంది. పేద సంఘకాపరికి అది ఆసరా, కాదనను. కానీ సాయం చేసే చేతిని నిలదీయడం ఎవరికైనా కష్టమే.

ఒక అన్యాయం కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, మనకు లేదు. అందుకే మన జిల్లాలో పాయకరావుపేట లాంటి రిజర్వుడు స్థానంలో, సంఘంలో పెరిగిన దళిత యువకుడు తన విశ్వాసాన్ని కాగితం మీద దాచుకుంటే తప్ప నిలబడలేడు. నిజం చెప్పమని నేర్పే చోట పెరిగినవాడికి ఇది ఎంత నరకం! దళిత క్రైస్తవులకూ ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం కదలాలి.

మరి ఎన్నికల వేళ సంఘం ఏం చేయవచ్చంటే, ఒక ఉదాహరణ ఉంది. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘం చొరవతో 2006లో మిజోరం పీపుల్స్ ఫోరం ఏర్పడింది. పార్టీలతో ఒప్పందం రాయించుకుని విందులు, ఆర్భాటపు ఖర్చులు వద్దంటుంది, అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీద నిలబెట్టి జనం ముందు మాట్లాడిస్తుంది. కోటపాడు, దేవరాపల్లి, చీడికాడ, మాడుగుల సంఘాల పెద్దలకు నా మనవి కూడా అదే. ఆరాధన స్థలాన్ని రాజకీయానికి వాడకూడదని 1988 చట్టం చెబుతోంది కనుక, చర్చి బయట, అన్ని మతాల వాళ్లూ వచ్చే చోట అలాంటి సభ పెట్టండి. పంచాయతీ అభ్యర్థులందరినీ పిలవండి. దానికి ముందు, ఈ సంవత్సరపు కానుకల లెక్క మీ సంఘంలో చదివించండి.

ఇట్లు
ఒక బాప్టిస్టు సంఘ సభ్యుడు
కె. కోటపాడు, అనకాపల్లి జిల్లా