ఎవరి కత్తెర వాళ్ళదే

దీపావళి బోనస్ చేతికొచ్చిన మూడోనాడు మా చిన్నోడు ఫోన్ పట్టుకొని అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. "బాపూ, మూడు ఫోటోలు చూపిస్త. ఏది మంచిగుందో చెప్పు" అన్నాడు. చూస్తే మూడు కర్రలు. పూల్ ఆట ఆడే కర్రలు, క్యూ అంటారు. ఒకాయన అడిగినవాళ్ళకు అడిగినట్టు చేసిస్తాడట. కొలత మనది, బరువు మనది, రంగు మనది, బొమ్మ మనది. ధర ఎంతరా అంటే మెల్లగా చెప్పాడు. మామూలుది 18 వేలు, బొమ్మలున్నది 26 వేలు. నా చేతిలోని చాయ్ కప్పు కిందపెట్టేశాను.

మన పేటలో పూల్ పార్లర్ పేరెత్తితే పెద్దవాళ్ళు మొఖం తిప్పుకుంటారని నాకు తెలుసు. పోయిన నెల కల్యాణ మండపంలో కూడా ఆ మాట నడిచింది. అయినా ఈ నెల ముచ్చట ఆ కర్ర గురించే. ఇంట్లో వారం రోజులు దాని మీదే పంచాయితీ నడిస్తే వేరే ముచ్చట ఎక్కడి నుంచి తెచ్చేది?

ఈ కర్రల సంగతి నాకు కొత్తేమీ కాదు. మిల్లులో బదిలీ పని చేసే రోజుల్లో ఆదివారాలు ఆఫీసర్ల క్లబ్బులో మార్కర్ చేతికింద ఉండేవాణ్ణి. మార్కర్ అంటే బిలియర్డ్స్ బల్ల పక్కన నిలబడి లెక్క చెప్పేవాడు. నా పని బల్ల మీది పచ్చబట్టకు బ్రష్ పెట్టడం, కర్రలు తుడిచి గోడకు నిలబెట్టడం. ఆ మార్కర్ పెద్దమనిషికి రెండు మాటలు నోట్లో నానుతుండేవి. ఒకటి, స్నూకర్ ఆట పుట్టింది ఇంగ్లండులో కాదు, మన జబల్‌పూర్‌లో, 1875లో, పట్టాలం ఆఫీసర్ల మెస్సులో అని. రెండోది, 1958లో బిలియర్డ్స్‌లో ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయిన విల్సన్ జోన్స్ మన పూనాలో పుట్టినవాడే అని. రెండూ నిజమే. ఆఫీసర్లు ఆడతారు, లెక్క మనం చెబుతాం అన్నట్టుండే ఆ గదిలో ఈ రెండు మాటలు ఆయనకు పెద్ద ధైర్యం.

సరే, ఫోటోల దగ్గరికి వస్తాను. మొదటి కర్ర వెనక సగం నల్లది, ముందుది తెల్లటి మేపుల్ చెక్క. నల్లచెక్క మొనలు నాలుగు తెల్లచెక్కలోకి బల్లెం మొనల్లాగ ఎక్కి ఉన్నాయి. ప్రతి మొన పక్కనా సన్నటి రంగు గీతలు. రెండోదాని మీద ఏమీ లేదు. పార్లర్‌లో గోడకుండే కర్రలాగే ఉంది, కాకపోతే మధ్యలో విప్పి రెండు ముక్కలు చేసుకోవచ్చు. అమెరికాలో దీన్ని స్నీకీ పీట్ అంటారు. పందెం కట్టేవాడు తన కర్ర మంచిదని ఎదుటివాడికి తెలియకుండా ఇలాంటిది వాడేవాడట. దొంగబుద్ధి కర్ర అన్నమాట. మూడోది చూస్తే కళ్ళు చెదిరాయి. నెమలి, నెమలి చుట్టూ తీగ, తీగ నిండా ముత్యపు చిప్ప ముక్కలు.

"మొదటిదే" అన్నాను. వాడి వేలు మూడోదాని మీదే ఉంది.

మొదటిదాన్ని నేనెందుకు మెచ్చుకున్నానో చెప్పాలి. ఆ మొనలు అందం కోసం పుట్టినవి కావు. మేపుల్ చెక్క తేలిక. కర్రంతా దానితోనే చేస్తే వెనక బరువు చాలదు. అందుకని వెనకవైపు రోజ్‌వుడ్డో నల్లచేవో అతికేవాళ్ళు. అడ్డంగా కోసి అతికితే నాలుగు దెబ్బలకు ఊడుతుంది. రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు రెండు చెక్కలనూ పొడుగ్గా వంకీలు కోసి దూర్చి సరేసుతో బిగిస్తే ఊడదు. దాన్ని లేత్ మీద తిప్పి గుండ్రంగా చేస్తే ఆ అతుకే బయటికి నాలుగు మొనలుగా కనబడుతుంది. అంటే ఆ డిజైను అతుకులోనే ఉంది. మన పడుగులో రంగు పోగులు పెట్టి అంచు నేసినట్టు. తర్వాతి కాలంలో అతుకు వేరే, మొన వేరే అయింది. ఇప్పుడు చాలామంది ముందు చెక్కలో గాడి తీసి మొన కూర్చుతారు. అయినా రంగు వెనీర్ పట్టీలు మొన అంచున మడతపడి కలిసేచోట పనివాడి చెయ్యి తెలిసిపోతుంది. నాలుగు మొనలూ ఒకే ఎత్తుకు రావాలి. ఒకటి రెండు నూలుపోగులంత తగ్గినా మనలాంటి వాళ్ళ కన్ను ఊరుకోదు.

కంప్యూటర్ మిషన్ మీద కోసినదాంట్లో ఇంకో గుర్తుంది. కోసే బిట్టు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి, తర్వాత చేత్తో చెక్కి సరిచేస్తే తప్ప, మొన చివర సూదిలాగ రాదు, కొంచెం మొద్దుగా ఉంటుంది. ఇక చవక కర్రల మీద మొన కూడా ఉండదు. కాగితంలాంటి పొర మీద మొనల బొమ్మ అచ్చేసి కర్రకు అంటిస్తారు. అచ్చేసిన అంచు చీరలాంటిది. దూరానికి బాగానే ఉంటుంది, వెనక్కి తిప్పితే ఏమీ ఉండదు.

అమెరికాలో బలబుష్కా అని ఒకాయన ఉండేవాడు. 1912లో రష్యాలో పుట్టి, 1924లో ఇంటివాళ్ళతో అక్కడికి పోయాడు. చెక్క పనివాడు, పిల్లల బొమ్మలు కూడా చేసేవాడు. రంపం మిషన్‌లో వేలు ముక్క తెగిపోతే తనకు తానే చెక్కవేలు చేసుకున్నాడు. 1959లో ఇంకొకరితో కలిసి పూల్ గది ఒకటి కొని, దోస్తుల కోసం కర్రలు చేయడం మొదలుపెట్టాడు. 1975లో పోయాడు. ఆయన కర్రలు చాలావాటి మీద ఉండేది నాలుగు మొనలు, రంగు గీతలు, రెండు మూడు రింగులు, నాలుగు చుక్కలు, అంతే. చాలా వాటికి ఆ మొనల చెక్క కూడా ఆయన కోసింది కాదు, బ్రన్స్‌విక్ కంపెనీదో, ఇంకో పనివాడిదో తెచ్చుకునేవాడు. అతకడం, తూకం నిలపడం, పిడి చుట్టడం ఆయనది. ఇవాళ ఆ కర్రలను వేల డాలర్లు పోసి కొంటున్నారు. 1986లో వచ్చిన ఒక సినిమాలో ఆయన పేరు చెప్పి ఒక కర్ర చూపిస్తే ఆ పేరు ప్రపంచమంతా తెలిసింది. సినిమాలో చూపించిన ఆ కర్ర మాత్రం ఆయనది కాదు, వేరే కంపెనీది! ఈ మాట చెబితే చిన్నోడు పడీపడీ నవ్వాడు.

నవ్వి, ఒక్క మాట అన్నాడు. "బాపూ, బంతికి మొన తెలుస్తదా, నెమలి తెలుస్తదా?"

తెలియదు. అది నిజం. బంతిని తాకేది ముందున్న తోలు టిప్పు, దాని వెనక నిటారుగా ఉండే సన్నని మేపుల్ చెక్క. కర్ర నిటారుగా ఉందా, ఐదున్నర వందల గ్రాముల దగ్గర బరువు చేతికి సరిపోయిందా, అంతే ఆటకు కావలసింది. వెనక ఏ బొమ్మ ఉన్నా గుంతలో పడే బంతి పడుతుంది, పడనిది పడదు. అంటే నా అంచు ముచ్చట కూడా కంటికి సంబంధించిందే. నేను ఇష్టానికి న్యాయం పేరు పెట్టుకున్నాను.

"మరి ఎందుకురా ఎనిమిది వేలు ఎక్కువ?" అన్నాను.

అప్పుడు వాడన్నది నేను ఇక్కడ రాయాలి. వాడు తువ్వాళ్ళ కార్ఖానాలో చేస్తాడని మీకు తెలుసు. "పొద్దంత కంపెనీ అంగీ, కంపెనీ టోపీ. మేం నేసే తువ్వాల మీద డిజైను ఎక్కడో ఎక్స్‌పోర్ట్ పార్టీ చెప్పింది. పన్నెండేండ్లల్ల నేను చెప్పిన డిజైను ఒక్కటన్న ఎవరన్న నేసిన్రా? పార్లర్ల కర్రలు అందరి చేతుల చెమటతోని ఉంటయ్. ఒక్కటి, నేను చెప్పినట్టు ఒక్కటి చేపిచ్చుకుంట అంటున్న."

నేను నలభై ఏళ్ళు సాంచాల మీద పని చేశాను. నేను చెప్పిన డిజైను కూడా ఎవరూ నేయలేదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

మా కోడలు గుమ్మంలో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతూ అంతా వింటోంది. ఆమె దాచిన డబ్బులు కూడా ఆ బోనస్‌తో కలిపి ఓవర్‌లాక్ మిషన్‌కు అనుకున్నవి. ఆమె ఇప్పుడు గొంతెత్తుతుంది అనుకున్నాను. తలెత్తకుండానే అంది: "మామయ్యా, ఒకనాడు నా కత్తెర అత్తమ్మకు ఇచ్చిన్రు యాదికుందా? ఆనాడు నాకు వెయ్యి బీడీలు కాలే. ఎవరి కత్తెర వాళ్ళదే." ఆకు కోసే కత్తెర కోసం ఆమె మూడు దుకాణాలు తిరిగిన సంగతి నాకు తెలుసు. తర్వాత మొగుడి వైపు చూసి, "కర్ర తీస్కో. నెమలి వద్దు. ఆ ఎనిమిది వేలు నా మిషన్ల పడాలె" అంది. అక్కడితో పంచాయితీ ముగిసింది.

ఇక పిడి మిగిలింది. పిడి అంటే నాకు మొనల కంటే ఎక్కువ మక్కువ. స్నూకర్ కర్రకు పిడి దగ్గర ఏమీ చుట్టరు, ఉత్త చెక్కే. పూల్ కర్రకు చాలామంది తోలో దారమో చుట్టిస్తారు. దారంలో పేరున్నది ఐరిష్ లినెన్, అవిసె నార దారం. నైలాన్‌లాగ చెమటకు జారదు, తడిని తాగుతుంది. పిడి మీద సన్నగా లోతు తీసి, దారం అందులో కూర్చునేట్టు లేత్ మీద నిదానంగా తిప్పుతూ చుట్టతారు. పోగు పక్కన పోగు, మధ్యలో సందు ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. తర్వాత దానికి ఏం పెడతారనుకున్నారు? గంజి! గంజిలాంటి జిగురు పూసి, నున్నటి వస్తువుతో రుద్ది ఆరబెడతారు. మన సైజింగు ఖాతానే.

రెండేళ్ళ కింద చిన్నోడు తెచ్చుకున్న పాత కర్రకు నైలాన్ దారం ఊడిపోతే మేమిద్దరం ఈ పని చేశాం. పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో నార దారం దొరికింది. లేత్ లేదు కదా, వాడు కర్రను ఒళ్ళో పెట్టుకొని తిప్పుతుంటే నేను దారం బిగువు పట్టి వదిలాను. మొదటి కొసను చుట్ల కిందనే తొక్కించాలి, చివరి కొసను ఉచ్చు వేసి చుట్ల కిందికి లాగాలి. మొదటిసారి ఆ లాగే దగ్గర జారిపోయి మొత్తం చుట్ట విడిపోయింది. వాడు తిట్టుకున్నాడు. నేను ఏమీ అనలేదు, సాంచా మీద తెగిన పోగులు ఎన్ని కట్టాను! రెండోసారికి కుదిరింది. బియ్యం గంజి పట్టించి, గాజు గ్లాసు అడుగుతో రుద్ది, గోడకు ఆనించి పడుకున్నాం. తెల్లారి చూస్తే బొద్దింకలు గంజినంతా నాకి, దారం అక్కడక్కడ పీచు లేపిపెట్టాయి. మా ఆవిడ నెల రోజులు ఆ ముచ్చట అందరికీ చెప్పుకొని నవ్వింది.

కొత్త కర్రకు మొన్న ఆదివారం ఆర్డర్ పెట్టాడు. నాలుగు మొనలు. వెనీర్ గీతలు రెండు చాలని నేనన్నాను, వాడు నాలుగు పెట్టించాడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు. మరీ బడబడ ఉంటుందిరా అంటే, పెట్టెలో తాత నేసిన చాదర్ తీసి ముందర పరిచాడు. అవే రంగులు, అదే వరస. నేను ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ రెండు గీతలే ముద్దు.

పిడి మీద దారం లేకుండా, లోతు మాత్రం తీసి పంపమని రాశాడట. దారం రంగు ఇంకా తేలలేదు. నేను ముడి రంగు అంటున్నాను, వాడు నలుపులో తెల్ల చుక్కలు అంటున్నాడు. గంజి పెట్టిన రాత్రి కర్రను ఎక్కడ దాచాలో మాత్రం కోడలే చెప్పాలి.