సేకరించిన మాట యెవరి సొత్తు?

ముప్పదియేండ్ల క్రిందట హోసూరు ప్రాంతమునందలి మా యింటికి ఒక పరిశోధక విద్యార్థి వచ్చెను. తెలుగు మాండలికములపై సిద్ధాంతగ్రంథము వ్రాయుచుండెను. మా అవ్వ యెదుట టేపురికార్డరు నుంచి మూడు దినము లామెచేత మాటలాడించెను. రాగిచేను, పశువుల రోగములు, పెండ్లిపాటలు, సంతబేరములు - ఆమె యేమియు దాచుకొనలేదు. 'ఎందుకు' అనుటకు ఆమె 'యాల' అనెడిది. కావ్యములలోని 'ఏల' ఈమె నోట జీవించియున్నదని ఆ విద్యార్థియే మురిసిపోయెను.

అవ్వ పోయి చాలకాలమైనది. ఇటీవల మా మనుమరాలు ఆమె గొంతు వినవలెనని కోరగా ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు పోయితిని. సిద్ధాంతగ్రంథము బీరువాలో భద్రముగా నున్నది. అందు మా అవ్వ 'వ్యవహర్త, స్త్రీ, 80 ఏండ్లు' అను నొక పంక్తియై యున్నది. టేపు లెక్కడ నని యడిగితిని. అవి గ్రంథాలయమునకు సంబంధించినవి కావని సమాధానము వచ్చెను.

ఆ యుద్యోగిని నిందింప బనిలేదు. నిందింపవలసినది పద్ధతిని. పరిశోధన యనగా ముద్రితమైన నిర్ణయమే గాని, దాని కాధారమైన సామగ్రి కాదని మన విద్యాలయములు చిరకాలముగా తలంచుచున్నవి. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు సిద్ధాంతగ్రంథముల కంప్యూటరు ప్రతులను సమర్పింపవలెనని నియమము చేసిరి. అట్లు వచ్చిన గ్రంథములను గాంధీనగరు కేంద్రమువారి 'శోధగంగ'లో నెవరైనను ఉచితముగా చదువవచ్చును. ఇది మెచ్చదగిన కార్యమే. కాని ఫలము నిచ్చి విత్తనమును పారవైచినట్లు, పట్టికలు మిగిలి పలుకులు పోవుచున్నవి. ఆ పట్టికలు సరియైనవో కావో పరీక్షించుటకు మఱియొక పండితునికి దారి యేది?

సాధ్యము కాదందురా? గ్రియర్సన్ గారి భారతభాషా సర్వేక్షణమునకై 1913 మొదలు 1929 వఱకు గ్రామఫోను పలకలపై పట్టిన కంఠములను షికాగో విశ్వవిద్యాలయమువారు నేడు లోకమున కెల్ల వినిపించుచున్నారు. బ్రౌను నిఘంటువును సైతము వారే యుచితముగా వెదకుకొన నిచ్చుచున్నారు. నూఱేండ్ల నాటి గొంతు సముద్రము దాటి మన యింటికి వచ్చుచుండగా, ముప్పదియేండ్ల నాటి మా అవ్వ గొంతు పొరుగు పట్టణమునుండి రాలేకున్నది!

మనబోటివారి కీ నష్టము మఱింత పెద్దది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము మహత్తరమైన కృషి. అయినను అది ఆ రాష్ట్రములోని పల్లెలు తిరిగి కూర్చినది. హోసూరు రైతు, కోవిలుపట్టి రైతు అందు లేరు. మనకు సాక్ష్య మేదైన నున్నచో, ఇట్టి విద్యార్థుల అటకలపై నున్న టేపులే. నేడు యంత్రములకు మాట నేర్పుచున్నారు. ఐ.ఐ.టి. మద్రాసులోని పరిశోధకులు తాము సేకరించిన భారతీయ భాషాధ్వనులను ఎల్లరకు తెఱచియే యుంచుచున్నారు. విననిదానిని యంత్రము నేర్వజాలదు. 'యాల' అనిన దానిని తప్పుగా వ్రాయుచో, తప్పు యంత్రముది కాదు.

ధనము లేదను మాట నేను నమ్మను. విదేశీయ ప్రచురణకర్తల పత్రికలను మన విద్యార్థులు చదువుటకై కేంద్రప్రభుత్వము 2025 మొదలు 3 సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించెను. చదువవలసినదే. ఇతరుల విద్య కొనుటకు అంత యుండగా, మన పల్లెలలో సేకరించినది నిలుపుటకు ఒక అర లేకపోవుట యేమి న్యాయము?

కుటుంబరహస్యములు బయటపడునని కొందఱు పెద్దలు శంకింతురు. ఈ శంక త్రోసిపుచ్చదగినది కాదు. మా అవ్వయు పొరుగువారిని గూర్చి చాల చెప్పెను! పేర్లు తొలగింపవచ్చును, చెప్పినవారి సమ్మతి వ్రాయించుకొనవచ్చును, కొంతభాగము కొన్నియేండ్లు మూసియుంచవచ్చును. ఈ విచక్షణ గ్రంథపాలకుని విద్యలోనిది. గ్రంథములు వాడుకకొఱకే యని రంగనాథన్ గారు మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా నున్నప్పుడే, 1931లో, సూత్రీకరించిరి. ఆ సూత్రము టేపులకు వర్తింపదా?

కావున మాండలిక పరిశోధన కనుమతి నిచ్చునప్పుడే ధ్వనులు, పదపట్టికలు గ్రంథాలయమునకు చేరవలెనని విశ్వవిద్యాలయములు నిబంధింపవలెను. ప్రతి రెండుచోట్ల నుండవలెను. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' మూతపడినపుడు అందలి తెలుగు గ్రంథములు పెక్కు మనకు దక్కినవన్నచో, ఇంటర్నెట్ ఆర్కైవు నందు ప్రతులుండుటచేతనే. మూడవ ప్రతి మాట యిచ్చిన కుటుంబమునకు రావలెను.

ఇంతయు నితరుల నడుగు మనము మన బీరువాలను చూచుకొంటిమా? మా సంఘపు తొలినాటి సభావృత్తాంతములు, హరికథల టేపులు ఒక ఇనుపపెట్టెలో నున్నవి. తాళపుచెవి ముగ్గురు మాజీ కార్యదర్శులలో నెవరివద్ద నున్నదో తేలలేదు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఆ తాళము పగులగొట్టుటకు తీర్మానము ప్రతిపాదించుచున్నాను. బలపఱుచువారు ముందుగా తెలుపగోరెదను.