దిబ్బమీది యిటుక

గత శీతకాలమున తొమ్మిదవ తరగతి బాలురను వెంటబెట్టుకొని నేలకొండపల్లికి పోయి యుంటిమి. మరునాడొక బాలుడు నా బల్లమీద సగము ఇటుక నుంచి, "అయ్యా! ఇది విరాటరాజు దిబ్బమీదిది. మన పాఠశాలలో దాచుదమని తెచ్చితిని" అని సంతోషముతో చెప్పెను. వానిని కోపించుటకు నాకర్హత లేదు. ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో నేనును అచ్చటినుండి కుండపెంకు నొకదానిని తెచ్చి, కాగితములు ఎగిరిపోకుండ వానిపై నుంచుకొనుచుంటిని. అది యే తావున, ఎంతలోతున నుండెనో యిప్పుడు చెప్పజాలను.

ఖమ్మమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న యీ గ్రామము భక్త రామదాసు జన్మస్థలమని యెల్లరెరుగుదురు. దానిచెంత 100 ఎకరములకు మించిన నేలను చుట్టియున్న మట్టికోట సంగతి యెరిగినవారు తక్కువ. పురావస్తు శాఖవారి త్రవ్వకములలో మహాస్తూపము, విహారముల పునాదులు, బావులు, మట్టిబొమ్మలు, కంచు బుద్ధవిగ్రహము, సున్నపురాతిలో చెక్కిన చిన్న స్తూపము బయల్పడినవి. ఇవి క్రీస్తుశకము 3, 4 శతాబ్దములనాటివని పండితుల నిర్ణయము. ఊరివారు మాత్రము విరాటరాజును, కీచకుని చెప్పుకొందురు. నేనా కథలను పరిహసింపను. భిక్షువుల పేరు మరచిన జనమునకు ఆ తావు గొప్పదను తలంపును నిలిపినవి ఆ కథలే కదా!

సగము ఇటుకతో నేమి పోయినదని తలిదండ్రులు కొందరు నన్నడిగిరి. భట్టిప్రోలులో 1892వ సంవత్సరమున అలెగ్జాండరు రీ దొర త్రవ్వించునాటికే స్తూపపు టిటుకలు బాటలక్రిందను, చలువరాళ్లు కాలువ తూములోను చేరియుండెను. అవియు ఒకొక్కటిగనే పోయినవి. స్తూపమైనను కంటికి గొప్పగా గనబడును. మట్టికట్ట కా మర్యాద లేదు. చూచువారికి చెరువుకట్టవలె తోచును, పొలమునకు మట్టి కావలసినవానికి గుట్టవలె తోచును. కాని ఆ కట్ట పొరలలో నే పెంకు దేనిక్రింద నున్నదో చూచియే దాని కాలమును గుర్తింతురు. పొర చెదరిన పిమ్మట పెంకు వట్టి పెంకే.

కావున మన పాఠశాలలో అట్టి వస్తువులను చేర్చు అలమర వలదని నా యభిప్రాయము. బాలురు జానలతో కొలిచి గీసిన పటములను తెచ్చుటయే మేలు.

తరువాతి శనివారము నేనును ఆ బాలుడును ఇటుకను తీసికొని మరల పోతిమి. ఎచ్చట తీసితివని యడుగగా వాడు స్తూపము చుట్టు రెండుమారులు తిరిగెను. గుర్తుపట్టలేక నా ముఖము చూచెను.